పిల్లిపిల్లకు పెరుగన్నం పెట్టొచ్చా?

సత్యనారాయణపురంలో మా మేడమెట్ల కింద దొరికిందండీ, అరచేతిలో పట్టేంత. పళ్లు బియ్యపు నూకల్లా ఉన్నాయి. ఆవుపాలు పోస్తే రాత్రంతా విరేచనాలు. తోక కింద తడిసి అంటుకుపోయింది. టెన్షన్‌గా ఉంది. పెరుగన్నం పెట్టనా?

— ముందు పాలు ఆపండి, అందులోని లాక్టోజ్ అనే చక్కెర చాలా పిల్లులకు అరగదు. ఇవాళే డాక్టరుకు చూపించండి. ఇంత చిన్నదానికి ఒంట్లో నీరు త్వరగా పోతుంది.

— మాది గుంటూరు, బ్రాడీపేట. మా దానికి కిట్టెన్ ఫుడ్ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వేలితో మెదిపి, రోజుకు నాలుగుసార్లు పెట్టేదాన్ని. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ ఒళ్లు పట్టదమ్మా. కుక్కల ఫుడ్ వద్దు, పిల్లికి కావాల్సినంత టారిన్ అనే పోషకం అందులో ఉండదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరముక్క అసలే వద్దు.

— డాక్టరుకు చూపించానండీ. నానబెట్టింది పెడితే ముక్కుదాకా పూసుకుని గిన్నె నాకేసింది!