బడి సంఘంల పేర్లు 140, పనికి వచ్చేది ఆరుగురే. మిగతావాళ్ళను ఎట్ల కదిలించాలె?

చెలకబడి_దేవరకొండ:
అందరికి నమస్తే. మాది దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూలు. పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి బడికి ఆసరాగ సంఘం పెట్టినం. వాట్సాప్ గ్రూపుల 140 మంది ఉన్నరు. పైసలడిగితే ఫోన్‌పే కొడ్తరు, పనికి రమ్మంటే బొటనవేలు గుర్తు పెట్టి ఊకుంటరు. ఎప్పుడు జూసినా అదే ఆరుగురు. ఇప్పుడు మూడు పనులు మీదున్నయ్: మండల పోటీలకు ముందు కబడ్డీ కోర్టు చేసుడు, పోటీల నాడు పిల్లల వెంట పోవుడు, దసరా సెలవులైనంక పదో తరగతోళ్ళకు సాయంత్రం చదువు, తిననీకి గుడాలు (ఉడకబెట్టిన శనగలు). రానోళ్ళకు 200 జరిమానా పెడ్దామని కొందరంటున్నరు. తెలిసినోళ్ళు చెప్పున్రి.

నకిరేకల్_వ్యాయామం:
అన్నా, "ఆదివారం గ్రౌండు పనుంది, అందరు రావాలె" అని గ్రూపుల పెడితే ఎవ్వరు రారు. 140 మందికి చెప్పిన మాట ఎవ్వరికి చెప్పినట్టు గాదు, నేను గాకపోతే ఇంకొకడు పోతడనే అనుకుంటరు. పైగా ఎంతసేపు పడ్తదో, ఏం తెచ్చుకోవాల్నో అందుల ఉండదు. ఒక్కసారి పోతే పొద్దుమూకేదాక ఇడువరన్న భయం గూడ ఉంటది.

ముందుగాల పనిని ముక్కలు చేయున్రి. మీ కోర్టునే చూడున్రి. చెలక నేల గట్టిగుంటది కాబట్టి శుక్రవారం సాయంత్రం ఒక ట్యాంకరు నీళ్ళు కొట్టాలె, దానికి ట్రాక్టరున్న మనిషి ఒక్కరు చాలు. శనివారం సాయంత్రం 5 నుంచి 6:30 దాక ఆరుగురు గడ్డపారలు, పారలు తెచ్చుకొని నేల పైపైన పెళ్ళగించి రాళ్ళు, ముండ్లు ఏరాలె. ఆదివారం పొద్దున గంటసేపు ముగ్గురు: ఇద్దరు టేపు పట్టనీకి, ఒకరు ముగ్గు పోయనీకి. మొత్తం పది మంది. ఎవ్వరికి గంటన్నర కంటే ఎక్కువ పడదు.

కొలతలు గూడ ముందే రాసియ్యున్రి, లేకుంటే వచ్చినోళ్ళు నిలబడి వాదులాడుకుంటరు. పెద్ద మగపిల్లలకు 13×10 మీటర్లు, ఆడపిల్లలకు 12×8. నాలుగు మూలల మేకులు కొట్టినంక రెండు ఐమూలలు (ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగ) కొలవాలె. మొదటి కోర్టుకు 16 మీటర్ల 40 సెంటీలు, రెండోదానికి 14 మీటర్ల 42 సెంటీలు రావాలె. రెండు ఐమూలలు సమానం రాకుంటే కోర్టు వంకర పోయినట్టే, మేకులు జరపాలె. గీతలకు సున్నం వాడొద్దు. పిల్లలు కింద పడి పొర్లే ఆట ఇది, చెమట మీద, కండ్లల్ల పడితే కాలుతది. ముగ్గుపిండే పోయున్రి, కోర్టుకు 10–15 కిలోలు దగ్గర పెట్టుకోన్రి.

ఇగ అడిగే తీరు. మెసేజ్ గాదు, ఫోను చేయాలె. వాళ్ళతోటి చదివిన బ్యాచోడే చేయాలె. ఒక్కొక్కరు తమ బ్యాచుల ఎనిమిది మందికి చేస్తే చాలు. "అన్నా, శనివారం సాయంత్రం 5కు ఒక పార పట్టుకొని రావాలె, 6:30కు అయిపోతది. వస్తవా, వేరేటోళ్ళను అడగాల్నా?" చివరి మాట తప్పకుండ అనాలె. రాలేనని చెప్పే ఎసులుబాటు ఉంటే మనిషి నిజం చెప్తడు, మీరు ఇంకొకరిని చూసుకుంటరు. గ్రూపుల పెట్టే బొటనవేలుకు అర్థం ఏందో ఎవ్వరికి తెల్వదు.

పాలమూరు_అక్క:
తమ్మీ, తల్లుల సంగతి ఎవ్వరు ఆలోచిస్తలేరు. ఆగస్టుల వరి నాట్లు, పత్తిల కలుపు. దసరా సెలవులైనంక పత్తి ఏరుడు. పొద్దున పోతే సాయంత్రం 5 దాటినంకనే ఇల్లు చేరుతరు. పగటిపూట మీటింగు పెట్టి రమ్మంటే ఒక రోజు కూలి ఇడిసిపెట్టుమన్నట్టు. వాళ్ళకు బడి మీద ప్రేమ లేదనుకోవద్దు. మహిళా సంఘం నెల మీటింగు ఎట్లయినా ఉంటది, అండ్ల పది నిమిషాలు అడుక్కోన్రి. వేరే మీటింగు అక్కరలేదు.

గుడాల పని ఇట్ల పంచున్రి. పిల్లకు 40 గ్రాముల ఎండు శనగలు అనుకుంటే 60 మందికి రెండున్నర కిలోల దగ్గర పడ్తది. ఎనిమిది గంటలు నానాలె. కూలికి పోయే తల్లి రాత్రి నానబోసి, పొద్దున నీళ్ళు వంచి, ఆ గిన్నె పక్కింట్ల ఇచ్చి పోవచ్చు. ఉడకబెట్టేది మాత్రం సాయంత్రం 4 గంటలకు ఇంట్ల ఉండే మనిషే: కిరాణం కొట్టామె, మిషను కుట్టేటామె, పెద్దమనుషులు. పొద్దున్నే ఉడకబెట్టి మూత పెడితే సాయంత్రానికి జిగట పట్టి వాసనొస్తది, అవి పిల్లలకు పెట్టొద్దు. శనగలు సంఘం పైసలతోటి కొనున్రి. పనీ సరుకూ ఒక్క ఇంటిమీదనే పెడితే రెండో వారం నుంచి ఆమె దొరకదు. 12 ఇండ్లు కుదిరితే వారానికి ఆరు రోజుల లెక్కన ఒక్కొక్క ఇంటికి రెండు వారాలకు ఒక్కసారే వంతు.

మిర్యాలగూడ_పద్దు:
జరిమానా పెట్టకున్రి. 200 పెడితే అది పనికి రానందుకు కట్టే ధర అయిపోతది. పైసలున్నోడు కట్టి నిమ్మళంగ కూసుంటడు, కూలి చేసుకునేటోడు చిన్నబోయి గ్రూపు నుంచే పోతడు.

హైదరాబాద్‌ల ఎల్‌బీ నగర్, వనస్థలిపురం దిక్కు ఉండేటోళ్ళను గ్రౌండు పనికి లెక్కపెట్టుకోవద్దు. వాళ్ళకు అక్కడి నుంచి అయ్యే పని ఇయ్యున్రి: ఆట సామాను ధర కనుక్కొని కొనుడు, పరీక్ష పేపర్లు ప్రింటు తీయించుడు, వారానికి రెండు రాత్రులు 8 నుంచి 9 దాక ఫోన్ల లెక్కల డౌట్లు చెప్పుడు. బతుకమ్మ, సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చినప్పుడు ఒక పూట ముందే అడిగి పెట్టుకోవాలె, పండుగ నాడు మాత్రం అడగొద్దు.

పైసలు ఒక మనిషి ఫోన్‌పేల ఉంటే పని చేసేటోళ్ళకే చెడ్డపేరు. అనుమానం పుట్టిన కాడికి కొత్తోళ్ళు రారు. ఇద్దరి సంతకాలతోటి బ్యాంకు ఖాతా తెరువున్రి, నెలనెలా ఒకే తారీఖుకు బిల్లుల ఫోటోలు గ్రూపుల పెట్టున్రి. ఖాతా సంఘం పేరు మీదనే కావాలంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులుండాలె.

చెలకబడి_దేవరకొండ:
మస్తు ఉపయోగపడ్డది, జరిమానా మాట బందు పెడ్తం. ఇంకో రెండు సంగతులు. వస్తనని ఒప్పుకొని రానోళ్ళను ఏం చేయాలె? ఇగ ఒక లీడరు జెర్సీలు కొనిస్తడట, గేటు కాడ తన ఫ్లెక్సీ కట్టాలంటడు.

రిటైర్డ్_హెచ్‌ఎం:
ఫ్లెక్సీకి ఒప్పుకోవద్దు బాబూ. ఒక పార్టీ బొమ్మ గేటు మీదికి ఎక్కిన మరునాడే అవతలి పార్టీ వాళ్ళ పిల్లల తల్లిదండ్రులు మీ పనికి దూరమవుతారు. సాయం చేస్తే రసీదు ఇస్తామని, అందరి పేర్లతో పాటు నోటీసు బోర్డు మీద ఒక వరుసలో రాస్తామని మర్యాదగా చెప్పండి. ఆ బోర్డు మీద డబ్బిచ్చిన వారి కంటే ముందు పని చేసిన వారి పేర్లుండాలి. శనగలు నానబోసిన తల్లి పేరు కూడా.

మరో సంగతి. 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీ వేరు, మీ సంఘం వేరు. కాబట్టి ఏ పనికి ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి వస్తున్నారో రాసి ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే తీసుకోండి. పోటీల రోజు ఉపాధ్యాయులతో పాటు జట్టుకు ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఆడపిల్లల జట్టు అయితే వారిలో ఒకరు తప్పకుండా మహిళ. ఒక్క పెద్ద మనిషి ఒంటరిగా పిల్లలతో ఉండే పరిస్థితి ఎక్కడా రానివ్వకండి. 12 మందిని ఒకే ఆటోలో కుక్కవద్దు, రెండు మాట్లాడండి. తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి.

సాయంత్రం చదువులో అసలు చిక్కు ఇంటికి చేరడం. నవంబరు, డిసెంబరు నెలల్లో 6 గంటలకే చీకటి పడుతుంది. తండాల నుంచి వచ్చే ఆడపిల్లలను ఎవరు తీసుకెళతారో తేలకుండా తరగతి మొదలుపెడితే వారం తిరక్కుండా వాళ్ళు మానేస్తారు. ఒక్కో తండా దారికి ఇద్దరు తల్లిదండ్రులను వంతుల వారీగా కుదుర్చుకోండి. చదువు చెప్పేవాళ్ళ కంటే ముందు వీళ్ళను వెతకండి.

నకిరేకల్_వ్యాయామం:
ఒప్పుకొని రానోళ్ళ గురించి: ముందు రోజు సాయంత్రం మళ్ళొక్కసారి ఫోను చేయున్రి, సగం మంది మరిచిపోయే రారు. ఆరుగురు కావాల్నంటే ఎనిమిది మందిని ఒప్పించున్రి. అయినా రాకపోతే గ్రూపుల పేరు తీసి అనొద్దు, ఆ మనిషి మళ్ళ ఎన్నడు రాడు. రెండు రోజులు ఆగి, "ఏ పూట అయితే నీకు వీలైతది అన్నా?" అని ఒక్కడినే అడగున్రి. పొద్దున పాలు పోసేటోడికి ఆదివారం పొద్దున పని ఎన్నటికి కుదరదు, సాయంత్రం పని ఇస్తే పార పట్టుకొని అందరికంటే ముందుంటడు. ట్రాక్టరు మనిషికి మాత్రం బుధవారమే చెప్పి పెట్టున్రి. నీళ్ళు పడకపోతే శనివారం ఆరుగురు వచ్చి గడ్డపార దిగని నేల కాడ నిలబడ్తరు, రెండోసారి పిలిస్తే రారు.