కొత్త లైన్లకు ఇంకా థర్డ్ రైల్ అవసరమా?

రైలుపిచ్చి:
పక్కన కరెంటు పారే మూడో పట్టా, దాని మీద రాసుకుంటూ పోయి బండికి కరెంటు అందించే షూ. వందేళ్ళ పైబడ్డ పద్ధతి. పొరపాటున కిందికి దిగినవాడి కాలు తగిలితే ప్రాణమే పోతుంది. పైన తీగ లాగే వీలున్నప్పుడు ఇదెందుకండీ? నన్నడిగితే నిషేధించాలి.

సొరంగం:
తవ్వకం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? తీగ, దాన్నుంచి కరెంటు అందుకోవడానికి బండి నెత్తిన పాంటోగ్రాఫ్ అంటే సొరంగం ఎత్తు పెరగాలి. 25 కేవీ (25,000 వోల్టులు) అయితే గోడకూ తీగకూ ఎడం ఇంకా కావాలి. పైగా తీగ తెగిందంటే లైనంతా పడుకుంటుంది. ఇక ప్రమాదమంటారా, మీరు పైనుంచి ఆనే రకాన్నే చూస్తున్నారు. బెర్లిన్ నగర రైళ్ళలో (ఎస్-బాన్) షూ కిందినుంచి ఆనుతుంది. పట్టాకు పైనా పక్కనా కవర్ ఉంటుంది, మంచు బెడదా తక్కువే.

వోల్ట్‌మీటర్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. కరెంటు లెక్క చూడండి. 3 మెగావాట్లు లాగే రైలుకు 750 వోల్టుల దగ్గర 4,000 ఆంపియర్లు కావాలి. 25,000 వోల్టులైతే 120 చాలు. అంత కరెంటు పారితే దూరం పోయేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, అందుకే కొద్ది కిలోమీటర్లకో సబ్‌స్టేషన్ పెట్టాలి. రైళ్ళు వెంటవెంటనే తిరిగే మెట్రోకు అది గిట్టుబాటే. దూరపు లైన్లకే మోయలేని బరువు. వేగానికీ హద్దుంది: దక్షిణ ఇంగ్లండ్‌లో 1988లో నమోదైన థర్డ్ రైల్ రికార్డు గంటకు 174 కి.మీ. సముద్రం కింది సొరంగంలో పారిస్ నుంచి వచ్చే యూరోస్టార్ రైలు కూడా లండన్ చేరడానికి కొన్నేళ్ళు ఆ పట్టా మీదే దేకింది. 2007లో 25 కేవీ లైను లండన్ దాకా పూర్తయ్యాక గానీ ఆ షూలతో పని తీరలేదు.

రైలుపిచ్చి:
సరే, ఒక లైను ఇంకోదానిలోకి చీలే పాయింట్ల దగ్గర మూడో పట్టా తెగిపోతుంది కదా, అక్కడ బండి ఆగదా?

వోల్ట్‌మీటర్:
ముందు షూ గ్యాప్‌లో ఉంటే వెనకది పట్టా మీదే ఉంటుంది. పాత బండ్లలో లైట్లు టపటపలాడేది అక్కడే. పొట్టి బండి షూలన్నీ గ్యాప్‌లో పడేట్టు ఆగిందో, ఇంకో బండి వచ్చి నెట్టాల్సిందే.

సొరంగం:
అసలు పట్టా ఎప్పుడూ లైవ్‌లో ఉండాలనేముంది? ఫ్రాన్స్‌లోని బోర్డోలో 2003 నుంచి ట్రామ్ తన కింద ఉన్న ముక్కకే కరెంటు వచ్చేట్టు నడుస్తోంది. మనుషులు నడిచే వీధి అది!

రైలుపిచ్చి:
నెమ్మదిగా పోయే ట్రామ్‌ను మెట్రోకు సాక్ష్యం తేకండి. బ్రిటన్‌లో రైలు భద్రత చూసే సంస్థే కొత్తగా పైనుంచి ఆనే థర్డ్ రైల్ అంటే మామూలుగా వద్దనే అంటోంది. సొరంగంలో, కింద ఆనేది, కవర్‌తో వేస్తామంటే నేను అడ్డం రాను. బయట మాత్రం వద్దు.