బుధుడి మీది త్యాగరాజ బిలం లోతు నీడతో కొలవడం ఎలా?

నమస్కారం అండి. బుధగ్రహం మీద మన త్యాగరాజస్వామి పేరుతో ఒక బిలం (క్రేటర్) ఉంది, వ్యాసం దాదాపు 97 కిలోమీటర్లు. నాసా వారి మెసెంజర్ అంతరిక్ష నౌక 2011 నుంచి 2015 దాకా బుధుడి కక్ష్యలో తిరుగుతూ తీసిన ఫొటోల్లో దాన్ని చూశాక మనసు అక్కడే ఉండిపోయింది. తెలుగు కీర్తనల మహానుభావుడి పేరు అంత దూరాన!

దాని లోతు నేనే లెక్కకట్టాలని కూర్చున్నాను. అంచు నీడ పొడవును సూర్యుడి ఎత్తు కోణం టాంజెంట్‌తో గుణించాలి, అంతవరకు అర్థమైంది. చిక్కల్లా, రెండు ఫొటోలకు రెండు జవాబులు వస్తున్నాయి. ఒకదాంట్లో సూర్యుడు బాగా పైన ఉన్నాడు, నీడ గోడ మీదే ఆగిపోయింది, అడుగు దాకా రాలేదు. దాన్ని వదిలేయాలా? రెండోది కెమెరా ఏటవాలుగా తీసింది. అప్పుడు నీడ పొడవును ఎలా సరిచేస్తారు? నౌక లేజర్‌తో తీసిన ఎత్తు కొలతలు చూద్దామంటే, అది ఉత్తర ధ్రువం వైపే దగ్గరగా వెళ్లేది, ఈ బిలం ఉన్న మధ్యరేఖ దగ్గర ఆ కొలతలు పలచన.

బిలం అడుగున తెల్లగా మెరిసే చిన్న గుంటలు, హాలోస్, ఉన్నాయి కదా. పదుల మీటర్ల లోతున్న వాటికీ ఈ పద్ధతి పనిచేస్తుందా? ఇలాంటివి కొలిచినవాళ్లు దయచేసి చెప్పండి.