ప్రొడక్షన్ సర్వర్లలో కోర్ డంప్‌లు బంద్ చేయాలా, వద్దా?

గచ్చిబౌలి_సీప్లస్ప్లస్

మాది పేమెంట్స్ బ్యాకెండ్, సీ ప్లస్ ప్లస్, లైనక్స్ మీద. ఇన్నాళ్లూ సర్వీస్ పడిపోతే సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) కోర్ డంప్, అంటే ఆ క్షణంలో ప్రాసెస్ మెమరీ కాపీ, పట్టి పెట్టేది, మేం జీడీబీ అనే డీబగ్గర్‌లో ఓపెన్ చేసి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వచ్చి పడిందో ఆ వరస) చూస్కుని గంటలో కారణం తేల్చేవాళ్లం. ఇప్పుడు సెక్యూరిటీ టీమ్ వచ్చి ప్రొడక్షన్‌లో డంప్‌లు మొత్తం ఆపేయండి, లాగ్స్ చూసి డీబగ్ చేస్కోండి అంటోంది. ఎందుకండీ అంటే "అందులో కస్టమర్ డేటా ఉంటుంది" అని ఒకటే సమాధానం. ఉంటుంది, కాదనట్లేదు, కానీ ఇది ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంది నాకు. మీ మీ చోట్ల ఏం చేస్తున్నారు?

సెక్యూరిటీ_సుబ్బు

ఆ ఒక్క సమాధానం చాలదా బాస్? డేటాబేస్‌లో ఎన్‌క్రిప్షన్ పెట్టారు, నెట్‌వర్క్ మీద టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ పెట్టారు, బాగానే ఉంది, కానీ ప్రోగ్రాం దాని మీద పని చెయ్యాలంటే మెమరీలోకి ప్లెయిన్‌గా రావాల్సిందే కదా, టీఎల్ఎస్ ప్రైవేట్ కీతో సహా. ప్రాసెస్ చచ్చిన క్షణంలో ఏముందో అదంతా ఫైల్ అయి డిస్క్ మీద పడుతుంది, దాన్ని ఎవడో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్కుంటాడు, ఆ తర్వాత అది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

పైగా డంప్ పట్టే ప్రోగ్రాంలోనే బొక్కలుంటాయి. 2025 మేలో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు రెండు బయటపెట్టారు, ఒకటి ఉబుంటులో డంప్‌లు పట్టే అపోర్ట్‌లో, ఇంకోటి రెడ్‌హ్యాట్, ఫెడోరాల్లో వాడే సిస్టమ్‌డీ కోర్‌డంప్‌లో. రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రాంని కావాలని క్రాష్ చేసి, డంప్ పట్టే హ్యాండ్లర్ చెక్ చేసేలోపు అదే పీఐడీలో (ప్రాసెస్ నంబర్) ఇంకో ప్రాసెస్‌ని కూర్చోబెడితే, మామూలు యూజర్‌కి ఆ రూట్ ప్రోగ్రాం డంప్ చదవడానికి దొరుకుతుంది. అందులోంచి పాస్‌వర్డ్ హ్యాష్‌లు లాగి చూపించారు. ఇంకేం కావాలి?

కూకట్‌పల్లి_కెర్నెల్

సుబ్బన్నా, ఆ లెక్కన డీబగ్గర్ కూడా బంద్ పెట్టాలె. డంప్ అంటే ఏదో కొత్త దయ్యం అన్నట్టు మాట్లాడుతుండ్రు అందరూ. నడుస్తున్న ప్రాసెస్‌కి జీడీబీ తగిలిస్తే అది చేసేది కూడా గదే కదా, పీట్రేస్ అనే సిస్టమ్ కాల్‌తోని ఆ ప్రాసెస్‌ని ఆపుతది, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి విలువలు) చదువుతది, మెమరీ కావాలంటే ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఆ పీఐడీ డైరెక్టరీల ఉండే మెమ్ ఫైల్ తెరిచి ఏ అడ్రస్ కావాలంటే ఆడికి పోయి చదువుతది. పీట్రేస్‌లనే పీక్ అని ఒక రిక్వెస్ట్ ఉంది కానీ అది 64 బిట్ మిషన్‌ల ఒక్కోసారికి 8 బైట్లే ఇస్తది, అందుకే పెద్ద మెమరీకి అది పనికిరాదు. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాల్సిన చోటు) పెడితే ఆ ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసేసి హెక్స్‌ల సీసీ అనే బైటు రాస్తది, నువ్వు ఆ మెమరీ చూపించు అంటే మాత్రం పాత బైటే చూపించి ఏం ఎరగనట్టు కూసుంటది.

ఇగ కోర్ ఫైల్ సంగతి. అది కూడా మామూలు ఈఎల్ఎఫ్ (లైనక్స్‌ల ప్రోగ్రాంలుండే ఫార్మాట్) ఫైలే, కాకపోతే టైపు కోర్ అని ఉంటది. నోట్ సెగ్మెంట్‌ల ఒక్కో థ్రెడ్ రిజిస్టర్లు, ఏ సిగ్నల్‌తోని చచ్చింది, ఏ ఫైల్ ఏ అడ్రస్‌ల మ్యాప్ అయింది అన్నీ ఉంటయ్, తర్వాత లోడ్ సెగ్మెంట్లల్ల మెమరీ. లైవ్‌ల కెర్నెల్‌ని అడిగేది ఈడ ఫైల్‌ని అడుగుతది, మిగతా లాజిక్ అంతా సేమ్. మెమరీ "మొత్తం" కూడా పోదు, కోర్‌డంప్ ఫిల్టర్ అని ఒకటి ఉంది, డిఫాల్ట్ హెక్స్‌ల 33, అంటే హీప్, స్టాక్ అసుంటివి (ప్రోగ్రాం తన డేటా పెట్టుకునే చోట్లు) రాస్తది, ఫైల్ నుంచి వచ్చిన కోడ్ పేజీలు రాయదు. అందుకే అదే బిల్డ్ బైనరీ లేకపోతే బ్యాక్‌ట్రేస్ నిండా ప్రశ్నార్థకాలే కనబడ్తయ్.

ఇంకోటి, మీ వాళ్లు యూలిమిట్ (డంప్ సైజు హద్దు) సున్నా పెట్టి ఆపేసినం అనుకుంటే చెక్ చేయమను. కోర్ ప్యాటర్న్‌ల (డంప్ ఎక్కడికి పోవాలో చెప్పే సెట్టింగ్) పైపు ఉంటే, అంటే ఫైల్ బదులు ఇంకో ప్రోగ్రాంకి పంపుతుంటే, కెర్నెల్ ఆ లిమిట్‌ని లెక్కచేయదు, పైపు అవతలున్న ప్రోగ్రాం దయ.

సెక్యూరిటీ_సుబ్బు

నువ్వు చెప్పిందాన్ని బట్టి చూస్తే సీక్రెట్లు ఉండేది హీప్, స్టాక్‌ల్లో, ఫిల్టర్ రాసేది కూడా కచ్చితంగా అవే, వదిలేసేది ఎవడికీ అక్కర్లేని కోడ్. నా పాయింటే నువ్వు చెప్పావ్ తమ్ముడూ, థాంక్స్. ఇక పీట్రేస్ అంటావా, లైవ్ డీబగ్గర్‌కి హక్కులు కావాలి, ఉబుంటులో యామా అనే సెక్యూరిటీ సెట్టింగ్ వల్ల నీ సొంత ప్రాసెస్ అయినా అది జీడీబీ కింద పుట్టకపోతే సుడో (రూట్ హక్కులు) లేకుండా తగిలించలేవ్. ఫైల్‌కి అలాంటి కాపలా లేదు, కాపీ చేస్తే అయిపోయింది.

డల్లాస్_బాబాయ్

2023లో మైక్రోసాఫ్ట్ మెయిల్స్ హ్యాక్ గుర్తుందా ఎవరికైనా? చైనా గ్రూపు, స్టార్మ్ 0558 అని పేరు, 2016 నాటి సైనింగ్ కీ ఒకటి చేతిలో పెట్టుకుని లాగిన్ టోకెన్లు తయారుచేసి ఇక్కడి స్టేట్ డిపార్ట్‌మెంట్ మెయిల్స్ కూడా చదివేశారు. ఆ సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వివరణ ఏంటంటే, 2021 ఏప్రిల్‌లో సైనింగ్ సిస్టమ్ క్రాష్ అయ్యిందని, ఆ డంప్‌లోకి రాకూడని కీ వచ్చేసిందని, దాన్ని డీబగ్గింగ్ కోసం కార్పొరేట్ నెట్‌వర్క్‌లోకి తెచ్చారని. అంత పెద్ద కంపెనీకే దిక్కు లేకపోతే మన గచ్చిబౌలి కుర్రాడి కంపెనీ ఎంత. బంద్ చెయ్యడమే రైటు.

కూకట్‌పల్లి_కెర్నెల్

బాబాయ్, సగం కథే చెప్పినవ్. 2024 మార్చ్‌ల అదే మైక్రోసాఫ్ట్ ఆ పోస్ట్‌ని సవరించి, కీ ఉన్న డంప్ మాకు దొరకలే అని రాసింది. అంటే డంప్ నుంచే పోయిందని రుజువు లేదు. ప్రతి సెక్యూరిటీ మీటింగ్‌ల ఈ కథ చెప్పి భయపెడ్తరు, సవరణ మాత్రం ఎవరూ చదవరు.

డల్లాస్_బాబాయ్

సవరణ చదివాను నాన్నా. డంప్ నుంచి పోలేదని కూడా రుజువు లేదు కదా. అయినా డంప్‌లో కీ ఉండే అవకాశం ఉందని వాళ్లకే అనిపించింది చూడు, అది చాలు నాకు.

విండోస్_వెంకట్

మీరంతా డంప్ అంటే ఒకటే సైజు అన్నట్టు కొట్టుకుంటున్నారు. మా విండోస్‌లో మినీ డంప్ అని ఎప్పట్నుంచో ఉంది, థ్రెడ్‌ల రిజిస్టర్లు, స్టాక్‌లు, లోడ్ అయిన మాడ్యూల్స్ లిస్టు, అంతే, చాలాసార్లు కొన్ని వందల కేబీలతో అయిపోతుంది. క్రోమ్ కూడా లైనక్స్, మ్యాక్‌ల మీద అదే ఫార్మాట్ వాడుతుంది. హీప్ వద్దు, స్టాక్ చాలు. మధ్యేమార్గం కళ్ల ముందే ఉంటే ఎందుకీ గొడవ.

డంపే లేకుండా లాగ్‌లు చాలు అనేవాళ్లకి ఒక్క మాట, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మిషన్లు పడుకున్నాయి కదా, ఆ రోజే ఒక్క స్క్రీన్‌షాట్ చూసి నల్ పాయింటర్ (ఎటూ చూపని సున్నా అడ్రస్) అని సోషల్ మీడియాలో తీర్పు ఇచ్చేశారు జనం. తీరా చూస్తే 21 ఫీల్డ్‌లు ఉన్నాయనుకున్న కోడ్‌కి 20 విలువలే వచ్చాయి, 21వది చదవబోయి అర్రే దాటి వెళ్లింది. అడ్రస్ ఒక్కటి చూసి కథ అల్లితే ఇలాగే ఉంటుంది.

గచ్చిబౌలి_సీప్లస్ప్లస్

వెంకట్ గారు, కరెక్ట్ చోట పట్టుకున్నారు, మాకు సరిగ్గా ఇలాంటిదే వచ్చింది, వివరంగా చెప్తా, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే.

సర్వీస్ సెగ్‌ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీ ముట్టుకుని క్రాష్) అయ్యింది, మా సిగ్నల్ హ్యాండ్లర్ లాగ్‌లో "ఫాల్ట్ అడ్రస్ 0" అని రాసి చచ్చింది. లాగ్ మాత్రమే ఉంటే ఎవడైనా ఏమంటాడు, నల్ పాయింటర్ అంటాడు, నల్ చెక్ ఒకటి పెట్టి టికెట్ క్లోజ్ చేస్తాడు. డంప్ ఓపెన్ చేసి ఆ ఇన్‌స్ట్రక్షన్ వాడుతున్న రిజిస్టర్ చూస్తే విలువ సున్నా కాదు, హెక్స్‌లో 3132333435363738 (అసలుది పెట్టకూడదు కాబట్టి అంకెలు మార్చాను). ఈ రకం అడ్రస్ 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్‌లో అసలు చెల్లదు, పై 16 బిట్లు ఇలా ఉండకూడదు, అందుకని అడ్రస్ చెప్పే పేజ్ ఫాల్ట్ బదులు అడ్రస్ చెప్పని జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వస్తుంది, అప్పుడు లైనక్స్ సిగ్నల్‌లో అడ్రస్ దగ్గర సున్నా పెట్టి పంపుతుంది. లాగ్ అబద్ధం చెప్పలేదు, కానీ నమ్మితే మునిగిపోతాం.

ఆ విలువ మళ్లీ చూడండి. ప్రతి బైటూ హెక్స్‌లో 30కి 39కి మధ్యలో ఉంది, అంటే ఆస్కీలో (అక్షరాలకి బైట్ కోడ్) అంకెలు, అది పాయింటర్ కాదు, టెక్స్ట్. లిటిల్ ఎండియన్ (చివరి బైటు ముందు పెట్టే పద్ధతి) కాబట్టి వెనక నుంచి చదివితే 87654321. హీప్‌లో ఆ ఆబ్జెక్ట్ దగ్గరికెళ్తే పాయింటర్‌కి ముందు మొబైల్ నంబర్ కోసం 16 బైట్ల బఫర్ ఉంది. పార్ట్‌నర్ వాళ్లు 91తో కలిపి 12 అంకెల నంబర్లు రెండు, మధ్యలో ఏమీ లేకుండా అతికించి పంపారు, 24 బైట్లు. 16 బఫర్‌లో కూర్చున్నాయి, మిగతా 8 పక్కనున్న పాయింటర్ మీద కూర్చున్నాయి. మినీ డంప్‌లో రిజిస్టర్ కనిపించేది, అంకెలు అని తెలిసేది, కానీ ఏ ఫీల్డ్ పొంగిందో హీప్ లేకుండా ఎవడు చెప్తాడు? లాగ్ అయితే అదీ లేదు.

సెక్యూరిటీ_సుబ్బు

చాలా బాగా పట్టుకున్నారు, నిజంగా. ఇప్పుడు నేనేం చూశానో చెప్పనా? ఒక కస్టమర్ ఫోన్ నంబర్ మీ రిజిస్టర్ విండోలో కనిపించింది. మీరు ఇక్కడ అంకెలు మార్చారు, మంచిది, మరి టికెట్‌లో పేస్ట్ చేసినప్పుడు మార్చారా? మీ సాక్ష్యమూ అదే, లీకైన డేటా కూడా అదే, రెండిటినీ విడదీయలేరు. వెంకట్ గారి మినీ డంప్‌లో కూడా ఆ నంబర్ ఉండేది. 2023లో వచ్చిన డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టంలో సెక్యూరిటీ జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది, మీ సెక్యూరిటీ టీమ్ ఆ అంకె చూసింది, అందుకే ఒక్క లైన్‌లో తేల్చింది.

బెజవాడ_బైట్

మా దగ్గర డంప్ బయటికి పంపేముందు స్ట్రింగ్స్ (ఫైల్లోంచి టెక్స్ట్ లాగే కమాండ్) కొట్టి గ్రెప్‌తో పేర్లు వెతికి, ఏం లేకపోతే పంపేస్తాం. సింపుల్.

కూకట్‌పల్లి_కెర్నెల్

బెజవాడ భాయ్, తెలుగుల రాసిన పేర్లు ఉన్నయా మీ డేటాల? యూటీఎఫ్ 8ల తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, ఈ0 బీ0 తోనో ఈ0 బీ1 తోనో మొదలైతది, స్ట్రింగ్స్ మామూలుగా 7 బిట్ ఆస్కీ మాత్రమే చూస్తది, మీ కస్టమర్లందరూ దానికి కనపడకుండ పోతరు. ఇగ కీలంటవా, బైనరీ చెత్త లెక్కనే ఉంటయ్, గ్రెప్‌కి ఎట్ల దొరుకుతయ్? తర్వాత కడుగుడు అయ్యే పని కాదు, మొదలే రానీయొద్దు. లైనక్స్ 3.4 నుంచి ఎమ్‌అడ్వైజ్ అనే సిస్టమ్ కాల్‌ల డోంట్‌డంప్ అని ఉంది, కీలకి వేరే పేజీలు తీసుకుని దానికి ఈ జెండా పెడితే కోర్‌ల ఆ పేజీలు రావు. పని అయినంక కీ తుడవనీకి మెమ్‌సెట్ కాదు, ఎక్స్‌ప్లిసిట్ బీజీరో వాడు, మెమ్‌సెట్‌ని కంపైలర్ ఆప్టిమైజర్ ఎత్తేస్తది.

గచ్చిబౌలి_సీప్లస్ప్లస్

కీలకి ఓకే, అవి రెండు మూడు చోట్లే ఉంటాయి. కస్టమర్ డేటా ప్రతి స్ట్రింగ్‌లోనూ ఉంటుంది అన్నా, దాన్నంతా డోంట్‌డంప్‌లో పెడితే ఇక డంప్‌లో మిగిలేదేంటి? నేను అనుకుంటున్నది వేరే, కోర్ ప్యాటర్న్ పైపుకి చిన్న ప్రోగ్రాం పెట్టి, డిస్క్ మీద పడకముందే పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసేయడం. ప్రైవేట్ కీ ఒకే డీబగ్ మిషన్‌లో, దానికి నెట్ లేదు, వారం దాటిన ఫైల్ డిలీట్, టికెట్‌లో బ్యాక్‌ట్రేస్ ఫంక్షన్ పేర్లు మాత్రమే, విలువలు వద్దు. సుబ్బు గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

సెక్యూరిటీ_సుబ్బు

ఆ పైపు ప్రోగ్రాం రూట్‌గా నడుస్తుంది, దాన్నీ మీరే సీ ప్లస్ ప్లస్‌లో రాస్తారు, 16 బైట్ల బఫర్‌లతో :) సరదాకన్నాలెండి. ఎన్‌క్రిప్షన్ ఐడియాకి నాకు అభ్యంతరం లేదు, డీబగ్ మిషన్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారో ఆడిట్ లాగ్ మా టీమ్‌కి రావాలి, అది మాత్రం వదలను.

విండోస్_వెంకట్

కంటైనర్లలో నడుపుతున్నారా ఇంతకీ? కోర్ ప్యాటర్న్ కంటైనర్‌కి ఒకటి ఉండదు, మొత్తం నోడ్‌కి (కంటైనర్లు నడిచే మిషన్) ఒకటే అని విన్నా, పక్క టీమ్ డంప్‌లు కూడా మీ పైపులోకే వస్తాయి మరి.

గచ్చిబౌలి_సీప్లస్ప్లస్

అవును, కూబర్‌నెటిస్ (కంటైనర్లు నడిపే సిస్టమ్). నోడ్‌లు షేర్డే. ప్లాట్‌ఫామ్ టీమ్‌తో ఇంకో రౌండ్ కొట్లాట ఉంది అన్నమాట.