అప్‌డేట్: చివరికి ఎలక్ట్రిక్ గిటారే తీసుకున్నాను

మొదటి గిటార్ అకౌస్టిక్ (కరెంటు లేకుండానే మోగేది) కొనాలా, ఎలక్ట్రిక్ కొనాలా అని ఆ మధ్య అడిగాను కదా. అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, రాత్రి తొమ్మిది దాటితే గానీ తీరిక దొరకదు అని కూడా చెప్పాను. ఎక్కువమంది "ముందు అకౌస్టిక్ పట్టుకో, వేళ్లు గట్టిపడతాయి" అన్నారు. సలహా మంచిదే, కానీ నాకు నప్పలేదు.

షాపులో రెండూ ఒకదాని తర్వాత ఒకటి వాయించి చూశాను. అకౌస్టిక్‌కి 12 గేజ్ తీగలు, అంటే అన్నిటికన్నా సన్న తీగ మందం 0.012 అంగుళం. ఎలక్ట్రిక్‌కి 9 గేజ్. ఎఫ్ బార్ కార్డ్ (చూపుడువేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ ఒకేసారి నొక్కే పట్టు) పట్టగానే తేడా తెలిసిపోయింది. అకౌస్టిక్ మీద చూపుడువేలి కింద రెండు సన్న తీగలూ మూగబోయాయి, ఎలక్ట్రిక్ మీద ఆరూ పలికాయి.

అసలు నన్ను పడగొట్టింది మాత్రం బెండింగ్. మూడో తీగను పైకి లాగితే స్వరం జారుతూ వెళ్లి అలా నిలబడిపోతుంది, గమకంలాగే. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే ఎందుకు వాయించారో అప్పుడు కాస్త అర్థమైంది. నాదం వెంటనే ఆరిపోతే గమకానికి చోటెక్కడ?

స్నేహితులు కూర్చుని పాడుకునేటప్పుడు మాత్రం అకౌస్టిక్కే ముద్దు. కరెంటు పోయినా దానికి దిగుల్లేదు.

ప్రస్తుతానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తున్నాను, పక్కింటివాళ్లకి టెన్షన్ లేదు. ఇక యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) కొనాలి. పడగ్గదికి 10 వాట్లు చాలంటారా?