పోటీలో గెలిచిన టమాటా డ్రయ్యరు పలమనేరు రైతు దాకా ఎందుకు రావడం లేదు?

చిత్తూరు లెక్కలు:
కొత్త కంపెనీలకి ఊతమిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ తిరుపతికి కూడా వచ్చింది, ఇక కొత్త ఆలోచనలకి డబ్బు ఇబ్బంది ఉండదని అందరూ అంటున్నారు. కానీ సోలార్ టమాటా డ్రయ్యరు ఇంజనీరింగ్ కాలేజీల ప్రదర్శనల్లో, పోటీల్లో ఎన్నేళ్ళుగానో కనిపిస్తోంది. పలమనేరు, వి.కోట మార్కెట్లలో రేటు పడిన రోజు కాయలు పారబోయడం మాత్రం ఆగలేదు. దారి ఎక్కడ తెగుతోంది? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

ఏర్పేడు ల్యాబు:
మధ్య దశకి డబ్బు లేకే తెగుతోంది. సాంకేతికత ఎంత పండిందో కొలవడానికి నాసా 1970ల్లో మొదలుపెట్టిన కొలబద్ద ఉంది, ఇప్పుడది 1 నుంచి 9 మెట్లు. కాలేజీ నమూనా 4 దగ్గర నిలబడిపోతుంది, అంటే ల్యాబులో పనిచేసింది అని. 5, 6, 7 మెట్లు ఎక్కాలంటే పొలంలో పెట్టి ఒక సీజనంతా నడపాలి, విరిగినవి మార్చాలి. నమూనాకి కేంద్ర ప్రభుత్వ పథకం నిధి ప్రయాస్ కింద 10 లక్షల దాకా, 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద నమూనా, ట్రయల్స్‌కి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. అయితే సీడ్ ఫండ్ సొమ్ము మైలురాళ్ళ ప్రకారం విడతలుగా ఇచ్చేట్టు పెట్టారు. టమాటా సీజను విడత కోసం ఆగదు కదా.

ఇంకో మాట. పేటెంటు కావాలనుకునేవాళ్ళు ప్రదర్శనకి ముందే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయాలి, ఆ తర్వాత 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ముందు అందరికీ చూపించి తర్వాత వేస్తే కొత్తదనం పోయిందని తిప్పికొట్టే ప్రమాదం ఉంది.

పలమనేరు వెల్డరు:
అన్నా, పేటెంటు సంగతి పక్కన పెట్టండి. బోర్డు మీద ‘100 కిలోల డ్రయ్యరు’ అని రాస్తారే, ఆ వంద రోజుకా, ఒక లోడుకా?

ఏర్పేడు ల్యాబు:
లోడుకి. ట్రేల్లో పట్టే బరువు అది. అందరూ అలాగే రాస్తారు.

పలమనేరు వెల్డరు:
అందరూ రాసేదే తప్పంటాండా. టమాటాలో నూటికి 94 పాళ్ళు నీళ్ళు. వంద కిలోలు వేస్తే 10 శాతం తేమతో మిగిలేది ఆరున్నర, ఏడు కిలోలు. అంటే 93 కిలోల నీళ్ళు ఆవిరి చెయ్యల్ల. ఒక కిలో నీళ్ళకి కరెంటు లెక్కలో సుమారు 0.67 యూనిట్ల వేడి కావల్ల, మొత్తం 62 యూనిట్లు. మన దగ్గర మంచి ఎండకి చదరపు మీటరుకి రోజుకి అయిదున్నర యూనిట్లు అనుకో. 10 చదరపు మీటర్ల డ్రయ్యరుకి 55. అందులో పనికొచ్చేది 30 శాతం అనుకున్నా 16 చిల్లర. దానికి 25 కిలోల నీళ్ళు పోతాయి, అంటే రోజుకి 26 కిలోల పచ్చికాయ. వంద కిలోలు ఎండాలంటే నాలుగు రోజులు. రైతు ‘వంద’ చూసి కొంటాడు, రెండో దినం తిట్టుకుంటాడు.

వి.కోట తోట:
రెండో రాత్రికే కింది ట్రేల్లో బూజు వస్తుంది. లెక్క కరెక్టే.

ఏర్పేడు ల్యాబు:
బూజుకి కారణం గాలి కదలకపోవడం. ఫ్యానుని నేరుగా సోలార్ ప్యానెల్‌కి కలిపితే మబ్బు పట్టగానే ఆగిపోతుంది, రాత్రి ముక్క మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. చిన్న బ్యాటరీ పెడితే సరిపోతుంది. ముక్క మందం 6 నుంచి 8 మి.మీ., చదరపు మీటరు ట్రేకి 5 కిలోలు మించకూడదు. లోపలి గాలి 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. మొదటి గంటల్లోనే 70 దాటితే పైపొర బిగుసుకుని లోపల తడి ఉండిపోతుంది, ప్యాకెట్లో పెట్టిన కొన్నాళ్ళకి అదే బూజు పడుతుంది. ఇవన్నీ డ్రాయింగులో ఉంటాయి. పాటించనిది వెల్డింగ్ షాపులే. ట్రేకీ గోడకీ మధ్య సందు ఎక్కువ వదిలితే గాలి ముక్కల మీదుగా పోకుండా పక్కనుంచి పోతుంది.

పలమనేరు వెల్డరు:
షాపుల మీద పడితిరా! డ్రాయింగు మూడుసార్లు మారుస్తారు, అడ్వాన్సు ఇయ్యరు, ఒక్క పీసు చేయించుకుని ఫొటో తీసుకుని పోతారు. ఒక్క పీసుకి జిగ్, అదే ముక్కల్ని ఒకే కొలతలో పట్టి ఉంచే చట్రం, ఎవరు కడతారు? టేపు పెట్టి కోసి అతికిస్తే సందు ఒకచోట 3, ఇంకోచోట 12 మి.మీ. వస్తుంది. 20 ట్రేల ఫ్రేములు ఒకే జిగ్‌లో కట్టినప్పుడే అన్నీ ఒకేలా వస్తాయి. ఇంకా ట్రేలో ముక్కలు పరిచే జాలి. ఖర్చు తగ్గుతుందని జి.ఐ., అంటే జింకు పూత వేసిన ఇనప జాలి రాస్తారు. టమాటా పులుపుకి ఆ జింకు కరిగి సరుకులోకి దిగుతుంది. తుప్పు పట్టని 304 స్టీలు జాలే వాడల్ల, దానికి సరిపడే 308ఎల్ రాడ్డుతో అతకల్ల, అతుకు రుద్ది నున్నగా చెయ్యల్ల. లేకుంటే గుజ్జు ఇరుక్కుని కుళ్ళుతుంది. ఇది నేను చెప్పేదాకా మీ డ్రాయింగులో ఉండిందా?

ఏర్పేడు ల్యాబు:
జాలి మాట ఎక్కడ వచ్చింది? నేను గాలి గురించి చెబుతున్నాను.

మోడరేటరు:
వ్యక్తుల మీదికి పోవద్దు. విషయం మీద ఉండండి.

చిత్తూరు లెక్కలు:
యంత్రం బాగానే చేశారు అనుకుందాం. వెల్డరన్న 26 కిలోల లెక్కే తీసుకుంటాను. కాయ కిలో 5 రూపాయలు, కడిగి కోసి పరిచే మనిషికి రోజుకి 500, ఎండు టమాటా కిలో 300 అని పెట్టుకుందాం, ఇవి నేను అనుకున్న ధరలే. వచ్చేది కిలో ముప్పావు, 525 రూపాయలు. ఖర్చు 630. ఒక్క డ్రయ్యరు ఉన్నవాడికి ప్రతిరోజూ నష్టమే. అయిదు డ్రయ్యర్లకి ఇద్దరు మనుషులు చాలితే 2,625 వస్తుంది, 1,650 పోతుంది. మిగిలేది 975, అందులోనే ప్యాకింగు, రవాణా, యంత్రం కంతు. కాయ 12 రూపాయలు దాటిన రోజు ఆ మిగులూ ఉండదు.

వి.కోట తోట:
రేటు పడినప్పుడే డ్రయ్యరు కావాల. రేటు బాగుంటే కాయే అమ్ముకుంటాం. 2023 జూలైలో కిలో వంద దాటితే ఎవరు ఎండబెడతారు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. మిగతా రోజుల్లో అది షెడ్డులో ఖాళీగా ఉంటే కంతు ఎవరు కట్టేది?

ఏర్పేడు ల్యాబు:
ఏ కొత్త వస్తువుకైనా మొదట్లో ఎవరో ఒకరు సాహసించాలి. డ్రిప్పు కూడా అలాగే వచ్చింది. 2003లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు పెట్టి సబ్సిడీ ఇచ్చారు, రైతులు ముందుకొచ్చారు. దీనికీ సబ్సిడీ ఇస్తే అదే జరుగుతుంది. మామిడి సీజనులో తాండ్రకి వాడుకోవచ్చు, ఖాళీ రోజులు తగ్గుతాయి.

వి.కోట తోట:
డ్రిప్పుతో పోలికే లేదన్నా. డ్రిప్పు వేస్తే నీళ్ళు మిగిలేది నా బోర్లోనే, పండిన కాయని కొనే బేరగాడు పాతోడే. డ్రయ్యరు పెడితే కొత్త సరుకు తయారవుతుంది, దాన్ని కొనేవాణ్ణి నేనే వెతకాల. టమాటా రేటుకి భయపడేవాడి మీద ఎండు టమాటా రేటు భయం కూడా పెడతా ఉండారు. నష్టం మొత్తం నాది, సర్టిఫికెట్టు మీది. నాకున్న అభ్యంతరం ఇదొక్కటే, జాలీ కాదు గాలీ కాదు.

చిత్తూరు లెక్కలు:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు తగాదా బయటపడింది. మొదటి సీజను నష్టం ఎవరిది? మహారాష్ట్రలో ఎస్4ఎస్ టెక్నాలజీస్ దీనికి వేరే దారి పట్టింది. డ్రయ్యరు అమ్మి వెళ్ళిపోలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళతో ఎండబెట్టించి, ఎండిన సరుకు తనే కొని ఆహార కంపెనీలకి అమ్ముతుంది. 2023లో పర్యావరణానికి మేలు చేసే పనులకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి దానికే వచ్చింది. ఇక్కడా కొనేవాడు నెలకి 200 కిలోలు ఒకే రంగు, ఒకే తేమతో అడిగాడనుకోండి. 3 టన్నుల పచ్చికాయ కావాలి. అయిదు డ్రయ్యర్లు 23, 24 ఎండ రోజులు నడవాలి. ఆ కొనుగోలు కాగితం చేతిలో పెట్టుకుని అయిదు యంత్రాలకి ఆర్డరివ్వాలి. ఇప్పుడు జరిగేది తలకిందులు, యంత్రం ముందు చేసి బేరగాడి కోసం వెతుకుతున్నారు.

ఏర్పేడు ల్యాబు:
ఒప్పుకోను. ఇంజనీరు సరుకు కొని అమ్మే పనిలో దిగితే యంత్రాన్ని మెరుగుపరిచేదెవరు? ఫ్యాను, తేమ నియంత్రణ ఇంకా సగంలోనే ఉన్నాయి. వ్యాపారం వేరే వాళ్ళు చూడాలి.

వి.కోట తోట:
వేరే వాళ్ళు ఎవరో పేరు చెప్పి రండన్నా. అప్పుడు నా పొలంలో చోటిస్తా.

పలమనేరు వెల్డరు:
అయిదు పీసులకైతే జిగ్ కడతా. సగం అడ్వాన్సు, 304 జాలి, మొదటి పీసు పొలంలో నాలుగు రోజులు నడిచినాకే మిగతా నాలుగు కోస్తా. మధ్యలో డ్రాయింగు మారిస్తే జిగ్ ఖర్చు మార్చినోళ్ళదే. బోర్డు మీద ‘రోజుకి 26 కిలోలు’ అని రాస్తా, వంద అని రాయను.

ఏర్పేడు ల్యాబు:
26 కాదు, మబ్బు రోజులు కలుపుకుంటే 20 రాయండి. డ్రాయింగు పంపుతాను. జాలి 304కే మార్చాను.