అప్‌డేట్: దంత వైద్యశాలలో సహాయకురాలి పని, హెపటైటిస్ టీకా

హనుమకొండలోని ఒక దంత వైద్యశాలలో సహాయకురాలిగా చేరిన నాకు హెపటైటిస్ బి (రక్తం ద్వారా సోకే కాలేయ వ్యాధి) టీకా వేయించకుండానే రక్తం అంటిన పరికరాలను కడగమంటున్నారని, ఏం చేయాలో చెప్పమని ఇదివరకు అడిగాను. మీలో పలువురు సూచించినట్లే డాక్టర్ గారితో నేరుగా మాట్లాడాను. ఆయన కోప్పడలేదు, 0, 1, 6 నెలల్లో వేయవలసిన మూడు డోసుల ఖర్చునూ వైద్యశాలే భరిస్తుందని చెప్పి, మొదటి డోసు వెంటనే వేయించారు.

అంతకన్నా నాకు తృప్తినిచ్చింది పని పద్ధతిలో వచ్చిన మార్పు. ఇప్పుడు మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకుని పరికరాలను బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి, పౌచ్‌లలో సీలు చేసిన తరువాతే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) 121 డిగ్రీల వద్ద ఉంచుతున్నాం. పౌచ్ మీది గుర్తు రంగు మారిందో లేదో చూడనిదే ఏదీ ట్రేలోకి వెళ్లదు. రంగు మారినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ నశించాయని కాదు, వేడి తగిలిందని మాత్రమే అర్థమని డాక్టర్ గారే వివరించారు. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం కూడా మానేశాం: మూతను ట్రేలోనే ఉంచి, ఒక్క చేత్తో సూదిని అందులోకి జొనుపుతాం.

జీతం మాత్రం పెరగలేదు. అయినా పరకాల, ములుగు వైపు నుంచి పంటి నొప్పితో వచ్చే పెద్దవాళ్లకు ధైర్యం చెప్పి కుర్చీలో కూర్చోబెట్టే ఈ పని నాకు నచ్చింది కాబట్టి ఇక్కడే కొనసాగుతాను. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో తెలిపే యాంటీబాడీ రక్త పరీక్ష చేయించుకుంటాను.